పాత బిల్డింగు స్కాన్‌కీ మా మోడల్‌కీ 35 మి.మీ. తేడా వస్తోంది, తప్పెవరిది?

కోఠి_కుర్రాడు · సోమవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

హైదరాబాద్‌లో ఒక పాత ఆఫీసు బిల్డింగును ఆసుపత్రిగా మారుస్తున్నారు. గ్రౌండ్ ప్లస్ 4. పొడవు 90 మీటర్లు, వెడల్పు 18. పొడవునా 7.5 మీటర్ల చొప్పున 12 బేలు (రెండు కాలమ్ వరసల మధ్య ఖాళీలు), అంటే కాలమ్ వరసలు గ్రిడ్ 1 నుంచి 13 దాకా. నేను ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్ పనుల) కాంట్రాక్టర్ తరఫున బిమ్ కోఆర్డినేటర్‌ని, అంటే బిల్డింగు త్రీడీ మోడల్‌లో ఒకరి పని ఇంకొకరికి అడ్డం రాకుండా చూసేవాణ్ణి. మాకిచ్చిన డ్రాయింగులు పాత అమ్మోనియా ప్రింట్లు. మడతలు పడ్డచోట కొలతలే చెరిగిపోయాయి. వాటిని చూసే రెవిట్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో స్ట్రక్చర్ కట్టుకున్నాం. నమ్మకం లేక క్లయింటును బతిమాలి లేజర్ స్కాన్ చేయించాం.

ఇప్పుడు ఆ స్కాన్ తెచ్చి మోడల్‌లో పెడితే గ్రిడ్ 1 దగ్గర అతికినట్టు కూర్చుంది. గ్రిడ్ 13 దగ్గరికి వెళ్లేసరికి కాలమ్‌లు 35 మి.మీ. పక్కకి ఉన్నాయి. స్కాన్ చేసినవాళ్లు "మా మెషిన్ ఖచ్చితత్వం 2 మి.మీ., మీ బిల్డింగే వంకర" అంటున్నారు. స్ట్రక్చరల్ కన్సల్టెంటు "కాలమ్‌లు బాగానే ఉన్నాయి, స్కానే తప్పు" అంటున్నారు. మా ప్రాజెక్టు మేనేజర్ గారు మాత్రం "చెరి సగం చేసి మధ్యలో పెట్టెయ్ బాబూ, గురువారం మీటింగుంది" అన్నారు.

మధ్యలో పెట్టడమేంటో నాకు మింగుడుపడట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

పాత_సైటు · సోమవారం, రాత్రి 10:52

తమ్ముడూ, ముప్పయ్యేళ్లు సైట్లమీద తిరిగినవాణ్ణి. మేం గుండు, రసమట్టం, నీళ్ల ట్యూబు పెట్టుకుని పది అంతస్తులు లేపాం. ఇప్పుడు లక్షలు పోసి స్కాన్ చేయించి, చివరికి "తప్పెవరిది" అని అడగాల్సి వస్తోందంటే ఆ డబ్బు దేనికి పెట్టినట్టు? ఒక టేపు, ఇద్దరు మనుషులు, ఒక్క పూట. తేలిపోతుంది.

(ఎగతాళి కాదు. నిజంగానే టేపు పెట్టి చూడు.)

రెవిట్_రమణి · సోమవారం, రాత్రి 11:30

కోఠి గారూ, మధ్యలో మాత్రం పెట్టకండి. అలా పెడితే రెండు చివర్లా తప్పే ఉంటుంది, పైగా ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత ఎవరికీ దొరకదు.

నేను రాత్రి షిఫ్టులో అమెరికా ప్రాజెక్టులకి స్కాన్ చూసి మోడల్ కట్టే పని చేస్తాను. మాకు మొదటి రోజే వచ్చే ప్రశ్న: ఎంత ఖచ్చితత్వం కావాలని ఒప్పందంలో రాశారు? వాళ్లు ఎల్‌ఓఏ (లెవెల్ ఆఫ్ ఆక్యురసీ) అని ఒక కొలమానం వాడతారు. ఎల్‌ఓఏ 20 అంటే తేడా 15 నుంచి 50 మి.మీ. మధ్య, ఎల్‌ఓఏ 30 అంటే 5 నుంచి 15 మధ్య, ఎల్‌ఓఏ 40 అంటే 1 నుంచి 5 మధ్య. మీ వర్క్ ఆర్డర్లో ఏమీ రాయకపోతే 35 మి.మీ. తప్పని వాళ్లతో వాదించడం కష్టం.

ఇంకోటి. "మెషిన్ 2 మి.మీ." అన్నది ఒకే చోట నిలబెట్టి ఒకసారి తీసిన స్కాన్‌కి వర్తించే మాట. ఉదాహరణకి లైకా ఆర్‌టీసీ 360 అనే స్కానర్ సెకనుకి 20 లక్షల బిందువుల దాకా తీస్తుంది, 10 మీటర్ల దూరంలో ఖచ్చితత్వం 1.9 మి.మీ. అని చెబుతారు. కానీ మీ బిల్డింగులో కనీసం నూట యాభై చోట్ల నిలబెట్టి ఉంటారు. అన్నిటినీ ఒకదానికొకటి కుట్టుకుంటూ పోతే ఒక్కో కుట్టులో చిన్న తేడా చేరుతుంది. పొడుగాటి కారిడార్‌లో ఇది మామూలే.

బీటెక్_బాచి · సోమవారం, రాత్రి 11:41

అక్కా, కుట్టడం అంటే? నేను ఫైనలియర్ సివిల్. ఈ ఫీల్డులో కెరీర్ బాగుంటుందా?

రెవిట్_రమణి · సోమవారం, రాత్రి 11:58

రిజిస్ట్రేషన్ అంటారు. స్కానర్ ఒకచోట నిలబడి చుట్టూ కనిపించే ఉపరితలాల మీద లక్షల బిందువుల దూరం కొలుస్తుంది. గోడ వెనక ఏముందో దానికి తెలీదు, అందుకే జరిపి మళ్లీ తీయాలి. రెండు స్కాన్‌లలోనూ కనిపించే మూలలు, కిటికీలు, లేదా మనం అతికించిన గళ్ల కాగితాలు పట్టుకుని రెండింటినీ ఒకే చట్రంలోకి తేవడమే ఆ కుట్టు. అలా వచ్చిన మొత్తాన్ని పాయింట్ క్లౌడ్ అంటాం.

కెరీర్ గురించి వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ, ఇక్కడ మొదలైతే అసలు విషయం పక్కదారి పడుతుంది.

టోటల్‌స్టేషన్ · మంగళవారం, ఉదయం 6:20

నేను సర్వేయర్‌ని. పంచాయితీ చేసే ముందు నాకు మూడు సంగతులు చెప్పండి కోఠి గారూ.

ఒకటి, ఆ తేడా గ్రిడ్ 1 నుంచి 13 దాకా క్రమంగా పెరుగుతోందా, లేక ఒకచోట ఉన్నట్టుండి దూకుతోందా? క్రమంగా పెరిగితే స్కేలు సమస్య. ఒకచోట దూకితే అక్కడ రిజిస్ట్రేషన్ జారింది. ఒక కాలమ్ ఇటు, ఇంకో కాలమ్ అటు, క్రమం లేకుండా ఉంటే అది నిజంగా బిల్డింగు వంకరే.

రెండు, చేతి లేజర్ టేపుతో రెండు కాలమ్ ముఖాల మధ్య ముప్పై మీటర్ల దాకా కొలవండి. అదే దూరం క్లౌడ్‌లో కూడా కొలవండి.

మూడు, వాళ్లు కంట్రోల్ పాయింట్లు (స్కాన్‌ని కట్టేయడానికి స్థానం ముందే కొలిచి పెట్టే గుర్తులు) ఎలా పెట్టారు? టోటల్ స్టేషన్‌తోనా (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం), జీపీఎస్‌తోనా? కోఆర్డినేట్ల అంకెలు ఎలా ఉన్నాయి?

పాత_సైటు గారూ, మీ టేపు మాటే నేనూ చెబుతున్నా. కాకపోతే నాది లేజరు టేపు.

కోఠి_కుర్రాడు · మంగళవారం, సాయంత్రం 7:05

సార్, సైటుకెళ్లి కొలిచా. మోడల్‌కీ స్కాన్‌కీ పొడవు దిశలో తేడా ఇదీ: గ్రిడ్ 1 దగ్గర 1 మి.మీ., గ్రిడ్ 4 దగ్గర 10, గ్రిడ్ 7 దగ్గర 18, గ్రిడ్ 10 దగ్గర 41, గ్రిడ్ 13 దగ్గర 36. వెడల్పు దిశలో మొత్తం 18 మీటర్లకీ 7.

లేజర్ టేపుతో గ్రిడ్ 2 కాలమ్ నుంచి గ్రిడ్ 6 కాలమ్ దాకా 29.548 మీ. వచ్చింది. నాలుగుసార్లు కొట్టా, ఒక మి.మీ. అటూ ఇటూ అంతే. క్లౌడ్‌లో అదే దూరం 29.560.

కంట్రోల్ పాయింట్లు బయట రెండు చివర్లా ఆర్‌టీకే జీపీఎస్‌తో (సెంటీమీటర్లలో స్థానం చెప్పే సర్వే జీపీఎస్) పెట్టారట. ఈస్టింగ్ (తూర్పు దిశ అంకె) 2 లక్షల 30 వేల మీటర్ల దగ్గర, నార్తింగ్ (ఉత్తర దిశ అంకె) 19 లక్షల పైన ఉన్నాయి.

టోటల్‌స్టేషన్ · మంగళవారం, రాత్రి 8:40

దొరికింది. ఆ అంకెలు చూస్తేనే తెలిసిపోతోంది, అవి యూటీఎం (భూమిని జోన్లుగా కోసి బల్లపరుపు పటంగా పరిచే పద్ధతి) జోన్ 44 కోఆర్డినేట్లు.

భూమి గుండ్రం, కాగితం బల్లపరుపు. గుండ్రటిదాన్ని బల్లపరుపుగా పరిస్తే ఎక్కడో సాగుతుంది, ఎక్కడో ముడుచుకుంటుంది. యూటీఎంలో ఒక్కో జోన్ 6 డిగ్రీల వెడల్పు. జోన్ 44 మధ్యగీత 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, మన ఏలూరు పక్కనుంచే పోతుంది. ఆ గీత మీద కొలతల్ని కావాలనే 0.9996 రెట్లకి తగ్గిస్తారు. గీతకి అటూ ఇటూ సుమారు 180 కి.మీ. దూరంలో అది సరిగ్గా 1 అవుతుంది. ఇంకా దూరం పోతే 1 దాటుతుంది. హైదరాబాద్ ఆ గీతకి పడమరగా సుమారు 270 కి.మీ. లెక్క కడితే ఇక్కడ స్కేలు 1.00049 దాకా వస్తుంది. మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి దాంట్లో కొంచెం తగ్గించాలి. మొత్తం మీద సుమారు 1.0004.

అంటే నేలమీద 100 మీటర్లు కొలిస్తే యూటీఎం అంకెల్లో 100 మీటర్ల 4 సెం.మీ. అవుతుంది. మీ 90 మీటర్లకి 37 మి.మీ., 18 మీటర్లకి 7. మీ 29.55 మీటర్లకి 12. మీరు పంపిన అంకెలతో సరిపోయిందా?

బిల్డింగు వంకర కాదు, మెషిన్ తప్పూ కాదు. రెండు చివర్ల ఉన్న యూటీఎం పాయింట్ల మధ్య నేలకొలతల స్కాన్‌ని బిగించి కట్టేశారు. రబ్బరు బ్యాండులా సాగింది. చెరి సగం చేసి ఉంటే రెండు చివర్లా 18 చొప్పున తప్పు మిగిలేది.

గ్రిడ్ 10 మాత్రం వేరే కథ. అక్కడ 28 రావాలి, 41 వచ్చింది. మిగతా 13 మి.మీ. నిజంగానే ఆ కాలమ్ పక్కకి ఉండడం వల్ల అనుకుంటా.

బెజవాడ_బిమ్ · మంగళవారం, రాత్రి 9:02

అన్నా, మా దగ్గర ఒక ప్రాజెక్టులో ఇదే గొడవ, కానీ తిరగేసి. మాకు స్కాన్ పొట్టిదైంది!

టోటల్‌స్టేషన్ · మంగళవారం, రాత్రి 9:15

అవును, మీది మధ్యగీతకి 40 కి.మీ. లోపే. అక్కడ 100 మీటర్లకి దాదాపు 4 సెం.మీ. తగ్గుతుంది. వైజాగ్ పోతే మళ్లీ 3 సెం.మీ. పెరుగుతుంది. హైదరాబాద్‌లో పనిచేసిన టీమే విజయవాడ వచ్చి "పోయినసారి ఇంత కలిపాం కదా" అని అదే దిద్దుబాటు వేస్తే తప్పు రెట్టింపు.

పాత_సైటు · మంగళవారం, రాత్రి 9:48

ఒప్పుకుంటున్నా, ఇది మా ట్యూబుకి దొరికే తప్పు కాదు. (మా ట్యూబుతో ఈ తప్పు వచ్చేదీ కాదు, అది వేరే సంగతి.) కానీ ఒక అనుమానం. స్కాన్‌ని అలా సాగదీస్తే వాళ్ల రిపోర్టులో కనిపించాలి కదా?

టోటల్‌స్టేషన్ · మంగళవారం, రాత్రి 10:10

మంచి ప్రశ్న సార్. స్కానర్ని 8 మీటర్లకోసారి జరిపారనుకోండి. ఒక్కో కుట్టులో పడే సాగు 3 మి.మీ. రిపోర్టులో "సగటు తేడా 3 మి.మీ." అని పచ్చరంగులో వస్తుంది, అందరూ సంతోషిస్తారు. అన్నీ ఒకే దిశలో పడుతున్నాయని ఆ రిపోర్టు చెప్పదు.

అసలు ఆర్‌టీకేకే అడ్డంగా సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. ఖాళీ స్థలం హద్దులకైతే చాలు. బిల్డింగు లోపలి పనికి టోటల్ స్టేషన్‌తో ట్రావర్స్ కట్టి (పాయింటు నుంచి పాయింటుకి వరసగా కొలుచుకుంటూ పోయి), స్కేలు 1 పెట్టుకుని, సైటుకంటూ సొంత గ్రిడ్ పెట్టుకోవాలి. ఒక పాయింటు, ఒక దిశ మాత్రం యూటీఎంతో ముడిపెట్టి కాగితం మీద రాసుకుంటే మున్సిపాలిటీ అడిగినా ఇవ్వొచ్చు.

రెవిట్_రమణి · మంగళవారం, రాత్రి 11:20

దీనికి తోడు రెవిట్ సంగతి. దాని లోపలి ఆరిజిన్ (సున్నా బిందువు) నుంచి 16 కి.మీ. దాటి జామెట్రీ పెడితే గీతలు వణుకుతాయి. 19 లక్షల మీటర్ల అంకెలున్న క్లౌడ్‌ని నేరుగా ఆరిజిన్‌కి లింక్ చేస్తే తెరమీద ఏమీ కనపడదు. అప్పుడు ఒక్కొక్కళ్లు ఒక్కోలా చేత్తో జరిపి పెట్టుకుంటారు. ఆర్కిటెక్ట్ ఒకలా, స్ట్రక్చర్ వాళ్లు ఒకలా, మనం ఒకలా. గొడవలు మొదలయ్యేది అక్కడే. సర్వే పాయింటు (మోడల్‌ని సైటు కొలతలతో కలిపే బిందువు) ఒక్కరే పెట్టాలి, మిగతావాళ్లు దాన్నే తెచ్చుకోవాలి.

కోఠి_కుర్రాడు · శుక్రవారం, రాత్రి 9:30

నిన్నటి మీటింగులో మీ లెక్క చూపించా సార్. స్కాన్ వాళ్లు మొదట కస్సుమన్నా, లేజర్ టేపు కొలత చూశాక తగ్గారు. ఒక్క కంట్రోల్ పాయింటు ఉంచి, స్కేలు 1తో మళ్లీ రిజిస్టర్ చేసిచ్చారు. గ్రిడ్ 13 దగ్గర ఇప్పుడు తేడా 2 మి.మీ. గ్రిడ్ 10 కాలమ్ మీరన్నట్టే 13 దగ్గర ఆగింది.

అయితే అసలు పిడుగు ఇప్పుడు పడింది. ఇన్నాళ్లూ 35 మి.మీ. గొడవలో పడి ఎవరం పైకి చూడలేదు. రెండో అంతస్తు కారిడార్లో గ్రిడ్ 7, 8 దగ్గర బీమ్‌ల లోతు డ్రాయింగులో 600 మి.మీ. స్కాన్‌లో 690.

లెక్క చూడండి. ఫ్లోర్ నుంచి ఫ్లోర్ 3600, నేల ఫినిష్ 60, బీమ్ 600 పోతే కింద 2940. ఆసుపత్రి వాళ్లు ఫాల్స్ సీలింగ్ 2400కి ఒక్క మి.మీ. తగ్గినా ఒప్పుకోరు. అంటే మాకు 540. గాలి పోయే డక్టు ఎత్తు 350, చుట్టూ ఇన్సులేషన్ 50, ఫ్లాంజి, సపోర్టు 50, సీలింగ్ ఫ్రేము 50. మొత్తం 500, ఇంకా 40 మిగలాలి. ఇప్పుడు 450 మాత్రమే ఉంది, 50 తక్కువ. డక్టు షీట్లు కటింగుకి వెళ్లడానికి పది రోజులే ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పైగా నేవిస్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్‌లో క్లాష్ రన్ (మోడల్‌లో ఏది దేన్ని గుద్దుకుంటోందో చూసే పరీక్ష) చేస్తే వేలల్లో వచ్చాయి. ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు.

దోహా_డక్ట్ · శుక్రవారం, రాత్రి 11:05

భయ్యా, క్లాషుల సంఖ్య చూసి బెదిరిపోకు. ఒకే డక్టు ఒకే పైపుల వరసని తాకితే పైపుకొకటి చొప్పున ఇరవై క్లాషులు రాస్తుంది. పరిష్కారం మాత్రం ఒక్కటే, డక్టు జరపడం. ముందు గుంపులు కట్టు. అన్నిటినీ అన్నిటితో రన్ చేయకు. మొదట స్ట్రక్చర్‌తో డక్టులు, తర్వాత స్ట్రక్చర్‌తో డ్రెయినేజీ, తర్వాత డక్టులతో పైపులు, అలా వరసగా. క్లౌడ్‌తో నేరుగా కూడా రన్ చేయొచ్చు గానీ దుమ్ము, వైర్లు, నిచ్చెన మీద నిలబడ్డ మనిషి, అన్నీ క్లాషులే వస్తాయి. బీమ్‌లు, స్లాబు అడుగు మాత్రం క్లౌడ్ చూసి మళ్లీ మోడల్ చేసుకుని దాంతో రన్ చెయ్.

వరస ఎవరిదంటే, వాలుతో పోయే డ్రెయిన్ పైపుకే మొదటి జాగా. 12 మీటర్ల పైపుకి నూటికి ఒకటి వాలు ఇస్తే 120 మి.మీ. దిగాలి, దాన్ని బతిమాలినా పైకెక్కదు. తర్వాత పెద్ద డక్టులు, తర్వాత స్ప్రింక్లర్, చిల్డ్ వాటర్, ఆఖర్న కేబుల్ ట్రే. వైరు వంగుతుంది కదా.

నేను పనిచేసిన ఒక టవర్లో ఇదంతా మోడల్‌లో బ్రహ్మాండంగా కుదిరింది. సైటులో మాత్రం ఎలక్ట్రికల్ వాళ్లు ముందొచ్చారు, బాగా ఖాళీగా ఉన్నచోట ట్రే బిగించేసి పోయారు. రైలు బోగీలో తుండుగుడ్డ వేసినట్టు! డక్టు వాళ్లు వచ్చి చూస్తే వాళ్ల దారి లేదు. ఆ తర్వాత వారానికోసారి స్కాన్ చేసి మోడల్ మీద పెట్టి, ఎక్కడెక్కడ పక్కకి బిగించారో రంగుల్లో చూపించడం మొదలెట్టాం. మూడో వారానికి ఫోర్‌మన్‌లే వచ్చి "మాది పచ్చగా ఉందా సార్" అని అడిగేవాళ్లు.

రెవిట్_రమణి · శనివారం, రాత్రి 12:15

ఆ రెండు బీమ్‌ల దగ్గర మాత్రమే డక్టుని పల్చగా చేసి వెడల్పు చేయొచ్చేమో చూడండి. మీది 800×350 అయితే 950×300 పెడితే దాదాపు అదే వైశాల్యం. 50 అక్కడికక్కడే దొరుకుతుంది. కాకపోతే ముందువెనకల ట్రాన్సిషన్ ముక్కలకి చోటుందా, ఫైర్ డ్యాంపర్ (మంటలు పాకకుండా డక్టుని మూసే పలక) తలుపు తెరుచుకుంటుందా చూసుకోండి. మీ హెచ్‌వీఏసీ (ఏసీ, వెంటిలేషన్) డిజైనరు సంతకం లేకుండా మాత్రం మార్చకండి.

మోడల్ కట్టేటప్పుడు ఇంకో మాట. స్కాన్‌లో గోడ 6 మి.మీ. వాలిందని దాన్ని వాల్చి గీయకండి. నిలువుగానే గీసి, తేడా ఎంతో రంగుల పటంలో చూపించండి. మా దగ్గర కొత్తవాళ్లు ప్లాస్టరు బుడిపెల్ని కూడా మోడల్ చేసి ఫైలు కదలకుండా చేస్తారు. మీ 690 బీమ్ మాత్రం ఉన్నది ఉన్నట్టు గీయాల్సిందే.

పాత_సైటు · శనివారం, ఉదయం 7:30

తమ్ముడూ, నీకు డక్టు దిగులు, నాకు ఆ బీమ్ దిగులు. ఐఎస్ 456 (కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం)లో ఫార్మ్‌వర్కుకి బీమ్ కొలతలో 12 మి.మీ. ఎక్కువ, 6 తక్కువ దాకానే ఒప్పుకుంటారు. ఏ సెంట్రింగ్ మేస్త్రీ పొరపాటున 90 ఎక్కువ పోయడు. ఆ రెండు బీమ్‌లకి ఎప్పుడో పగుళ్లొచ్చి జాకెటింగ్ (బలం కోసం చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు) చేసుంటారు. అంటే అక్కడ ఏదో సమస్య ఉండేది.

కాబట్టి "50 తక్కువైంది కదా, కాస్త చిప్పింగ్ చేద్దాం" అని ఎవరైనా అంటే వాళ్ల చేతిలో సుత్తి లాక్కో. పైపుల కోసం కోర్ కటింగ్ కూడా అక్కడ వద్దు. లేజరు పైతోలు చూస్తుంది, లోపలి కడ్డీ చూడదు. రాడార్ స్కానింగ్ చేయించి, స్ట్రక్చరల్ కన్సల్టెంటుతో రాతపూర్వకంగా తీసుకున్నాకే ముట్టుకోండి.

స్కాన్ దండగ అన్నా కదా, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా. డక్టులు తయారై వచ్చాక ఈ బీమ్ బయటపడి ఉంటే రాత్రికి రాత్రి ఎవడో ఒకడు చిప్పింగ్ చేసేసేవాడు. చూశాను అలాంటివి.

బెజవాడ_బిమ్ · శనివారం, ఉదయం 9:10

సీలింగ్ మూసే ముందు ఇంకోసారి స్కాన్ చేయించమని మా క్లయింటుకి చెబితే "అయిపోయిన పనికి స్కాన్ ఎందుకు, ఎవరు చూస్తారు" అన్నారు. ఏం చెప్పాలి?

రెవిట్_రమణి · శనివారం, ఉదయం 11:40

పారిస్ నోత్రదామ్ సంగతి చెప్పండి. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ప్రొఫెసర్ 2010లో ఆ చర్చిని లోపలా బయటా యాభైకి పైగా చోట్లనుంచి స్కాన్ చేశారు. వంద కోట్లకి పైగా బిందువులు. ఆ కట్టడం ఎలా కట్టారు, ఎక్కడ వంగింది అని చదువుకోవడానికే చేశారాయన. 2018 నవంబరులో చనిపోయారు. 2019 ఏప్రిల్ 15న పైకప్పు తగలబడింది. కాలిపోకముందు ఎలా ఉండేదో చూసుకోవడానికి మిగిలిన విలువైన ఆధారాల్లో ఆ స్కాన్‌లు కూడా ఉన్నాయి. 2024 డిసెంబరులో చర్చి మళ్లీ తెరిచారు.

మీ ఆసుపత్రికి అంత కథ అక్కర్లేదు. ఆరేళ్ల తర్వాత ఐసీయూ పైన నీళ్లు కారితే ఏ వాల్వు ఏ టైలు పైన ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. పేషెంట్లని ఖాళీ చేయించి సీలింగ్ మొత్తం విప్పక్కర్లేదు. అది చెప్పండి, ఒప్పుకుంటారు.

కోఠి_కుర్రాడు · తరువాతి బుధవారం, రాత్రి 8:50

అప్‌డేట్. హెచ్‌వీఏసీ డిజైనరు 950×300కి సంతకం పెట్టారు. గ్రిడ్ 8 దగ్గర ట్రాన్సిషన్‌కి డ్రెయిన్ పైపు అడ్డొస్తోంది, దాన్ని పక్క షాఫ్టులోకి తిప్పుతున్నాం. దోహా భయ్యా చెప్పినట్టు గుంపులు కట్టాక మొదటి కోఆర్డినేషన్ మీటింగులో నిజంగా మాట్లాడాల్సినవి ముప్పై లోపే తేలాయి. స్ట్రక్చరల్ కన్సల్టెంటు పాత ఫైళ్లు తిరగేసి జాకెటింగ్ నిజమేనన్నారు. ఆ రెండు బీమ్‌ల మీద మా సూపర్‌వైజరు ఎర్రరంగుతో "ముట్టుకోరాదు" అని రాయించాడు. రీ-రిజిస్ట్రేషన్ బిల్లు ఎవరు కట్టాలన్నది మాత్రం ఇంకా నలుగుతోంది.

టోటల్‌స్టేషన్ సార్ చెప్పినట్టు సొంత గ్రిడ్‌కి కొత్త కంట్రోల్ పాయింట్లు పెట్టించాం. గ్రౌండ్ ఫ్లోర్లో నాలుగు, బయట రెండు.

టోటల్‌స్టేషన్ · బుధవారం, రాత్రి 9:05

మంచిది. ఆ ఆరింటి మీద ఎవరూ టైల్స్ వేయకుండా, సామాను పెట్టకుండా చూసుకోండి.

కోఠి_కుర్రాడు · బుధవారం, రాత్రి 9:07

బయటి దాంట్లో ఒకదాని మీద ఇవాళ మధ్యాహ్నమే ఇసుక లారీ దింపేశారు సార్.